ఎర్ర ఫిల్టర్

శ్రీకాకుళం
11 జూన్ 2024

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు ఫోన్‌లో మాట వినలేవు, ఫోన్‌లో ఫొటో చూడవు. ఫ్యాక్టరీలో ఫర్నేసు పక్కన ఉద్యోగం అంతా గడిపిన చెవులు కనుక మొదటిది ఒప్పుకుంటాను. రెండోది మాత్రం ఉత్త మొండితనం. కాగితం మీద లేనిది ఫొటోయే కాదంటావు కాబట్టి మూడు ప్రింట్లు వేయించి, అట్టముక్కల మధ్య పెట్టి పంపుతున్నాను. తిట్టదలుచుకుంటే మూడింటినీ విడివిడిగా తిట్టు. అన్నీ కలిపి తిడితే నాకు ఉపయోగం లేదు.

మా ఆదివారం బృందం గురించి అడిగావు. తిరుమలరావుగారి జెరాక్స్ షాపు మేడ మీద కూర్చుంటాం. అందరూ వేరే వేరే ఉద్యోగాల వాళ్ళే, ఫొటోలు పిచ్చి కొద్దీ తీసేవాళ్ళే. గోడకి అడ్డంగా తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో ప్రింట్లు వేలాడదీస్తాం. ఒక్కొక్కరూ చూసి తోచింది చెప్పాలి. నియమం ఒకటే, తీసినవాళ్ళు నోరెత్తకూడదు. అది కాదండీ, ఇది ఇలా జరిగిందండీ అనకూడదు. చివరిదాకా వినాలి. "ఫొటో పక్కన నువ్వు ఎల్లకాలం నిలబడి వివరం చెప్పలేవు కదమ్మా" అంటారు తిరుమలరావుగారు. నాలాంటి వాగుడుకాయకి అదెంత శిక్షో నీకు చెప్పక్కర్లేదు.

మొదటిది ఆటో శివాజీది. కుర్రాడు నవ్వితే బాగుంటాడని తీశాను. ధర్మేంద్ర అని ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన ఉన్నాడు, బృందంలో నాలుక బాగా పదును. "తలలోంచి కొబ్బరిచెట్టు మొలిచింది, గమనించారా?" అన్నాడు. తీసేటప్పుడు నాకు చెట్టే కనబడలేదు మావయ్యా! రెండోది మా ఇంటి ఓనరు దాలమ్మగారిది. కళ్ళలో వెలుగు చుక్క లేదు, అందుకే ముఖం నిద్రలో ఉన్నట్టుందన్నారు. అది నిజమే.

మూడోది మన గున్నమ్మ పిన్నిది. వేట నిషేధం రోజులు కదా, పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, వాళ్ళ జాలరిపేటంతా పనిలేక ఖాళీగా ఉంది, వెళ్ళి తీసుకొచ్చాను. మెడలో పుస్తెలు మెరిసి చూపు లాగేస్తున్నాయి, నీలం తలుపు ఒక పక్క లాగేస్తోంది, ముఖం దగ్గరికి కత్తిరించమన్నారు.

పిన్ని సంగతి నీకు తెలిసిందే. రాముడు బాబాయి పోయిన కార్తీకంలో వేటకెళ్ళి మరి రాలేదు. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు. పిన్ని రోజూ పొద్దున్నే స్నానం చేసి, రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టుకుని, ఎండుచేపల తట్ట ఎత్తుకుని వెళ్ళిపోతోంది. ఇప్పుడు బాబాయి తమ్ముడు లక్ష్ముడు కర్మ చేసేద్దామని పట్టుపట్టాడు. లక్ష్ముడి కూతురు సుహాసినికి శ్రావణంలో పెళ్ళి కుదిరింది. ఇంట్లో చావు తేలకుండా పందిరి వేయకూడదని మగపెళ్ళివాళ్ళు అన్నారట. పిన్ని ఒకటే మాట అంటోంది: "ఆయన రాడని మీరంటన్నారు. ఆయన అన్నేదు గదా."

నాకు భయంగా ఉంది. నలుగురూ కలిసి ఒక రోజు ఆమెని కూర్చోబెట్టి బొట్టు తుడిచేస్తారేమో అని.

ఉంటాను. మోకాలికి నూనె రాసుకో, ఊరికే సీసా చూస్తూ కూర్చోకు.

పద్మకుమారి

•

గరివిడి
17 జూన్ 2024

చిరంజీవి పద్మకి మావయ్య ఆశీస్సులు.

ఫొటోలు నలగకుండా వచ్చాయి. నలిగి ఉంటే కాస్త బాగుండేవేమో.

కోపం తెచ్చుకోకు. శివాజీ ఫొటోలో కొబ్బరిచెట్టు తప్పే కానీ అది చిన్న తప్పు. నువ్వు రెండడుగులు పక్కకి జరిగితే చెట్టూ జరుగుతుంది. పెద్ద తప్పు ఎండ. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే మనిషి ముఖం వేపుడు చేసినట్టుంటుంది. పాపం ఆ పిల్లాడి మొటిమలన్నీ ఒక్కోటి ఒక్కో కొండలా కనబడుతున్నాయి. వాడు చూస్తే నిన్ను ఆటో ఎక్కించుకోడు. దానికొక ఉపాయం చెబుతాను. మా రోజుల్లో నలుపు తెలుపు ఫిల్ము వేసి, లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టేవాళ్ళం. ముఖం మీద మచ్చలూ గాట్లూ మెత్తబడిపోయి, చర్మం లోపలినుంచి వెలిగినట్టు వచ్చేది. మా ఫర్నేసు కుర్రాళ్ళ ముఖాలు ఎలా కాలి ఉండేవో నీకు తెలీదు. ఆ ఫిల్టర్‌తో తీసి ఇస్తే వాళ్ళ పెళ్ళాలే గుర్తుపట్టలేదు! మీ కంప్యూటర్లో ఆ పని చేసే మీట ఏదో ఉంటుంది, వెతుక్కో.

దాలమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టు. వెలుగు చుక్క దానంతటదే వస్తుంది.

గున్నమ్మ ఫొటో చూసి చాలాసేపు కూర్చున్నాను. నీలం తలుపు, పచ్చ చీర, ఎర్ర బొట్టు, పసుపు ముఖం. సంతలో నాలుగు మైకులు ఒకేసారి అరిచినట్టు ఉన్నాయి రంగులు. దాని ముఖం ఏమంటోందో వినబడటం లేదు. రంగు తీసేసి చూడు. పొద్దువాలాక వెళ్ళి, ఇంకోసారి తియ్యి.

ఇక అసలు విషయం. లక్ష్ముడు చెడ్డవాడు కాదు. అన్న పోయినవాడు, ఆడపిల్ల తండ్రి, రెండు దిక్కులా నలుగుతున్నాడు. అయినా ఆ ఇంట్లో ఏది తేలినా ముందు నాకు కబురు రావాలి. గున్నమ్మ నా చిన్నాన్న కూతురు, తోడబుట్టినవాళ్ళు లేరు. దాని పుట్టిల్లంటే నేనే. మొగుడు పోయినదానికి పుట్టింటి చీర పట్టుకెళ్ళాల్సింది అన్నే, ఆ చీర గుమ్మం దాటేదాకా మన కులంలో బొట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. కాబట్టి నువ్వు భయపడకు. నేనింకా చీర కొనలేదు.

నూనె రాసుకుంటున్నాను. నీ ఫొటోలకంటే అదే మెరుగ్గా పనిచేస్తోంది.

మీ మావయ్య
అప్పలసూరి

•

శ్రీకాకుళం
8 జూలై 2024

మావయ్యా!

ముందు కవరులో ఉన్న ప్రింటు తీసి చూడు. చూశావా? ఇప్పుడు ఉత్తరం చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దువాలాక, పేటలో లైట్లు వెయ్యకముందు ఒక మెత్తటి వెలుగు ఉంటుంది చూడు, అప్పుడు పిన్నిని గుమ్మంలో కూర్చోమన్నాను. ఏం మాట్లాడొద్దన్నాను. ఆమె సముద్రం వైపు తిరిగింది. పది నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చి ధర్మేంద్ర చెప్పినట్టు ముఖం దగ్గరికి కత్తిరించాను. రంగు తీసేశాను. తర్వాత నీ ఎర్ర ఫిల్టర్! కంప్యూటర్లో ఎరుపు మీట చివరిదాకా లాగితే ఆ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. ఎండకి మాడిన చర్మం, కళ్ళకింద గీతలు, అన్నీ మెత్తబడిపోయాయి. కళ్ళు మాత్రమే మిగిలాయి.

నిన్న తాడు మీద వేలాడదీశాను. ధర్మేంద్ర, నమ్ముతావా, ధర్మేంద్ర, "ఈ ఫొటోకి నేను చెప్పేది ఏమీ లేదు" అన్నాడు. కుసుమకుమారిగారని ఒక డాక్టరమ్మ ఉంది. "భర్త లేని బాధ ఏమీ అరవకుండా ఎలా కనిపిస్తోందో" అంది. బాబాయి సంగతి ఈవిడకి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను కానీ నోరెత్తకూడదు కదా, గమ్మునున్నాను. తిరుమలరావుగారు దగ్గరికి వచ్చి చూసి, దూరం వెళ్ళి చూసి, "పెద్దది చేయించండమ్మా" అన్నారు.

పద్నాలుగో తారీఖు ఆదివారం మా బృందం ప్రదర్శన మొదలు. ఊళ్ళో కల్యాణమండపం పక్క హాలు తీసుకున్నారు. గుమ్మంలోకి రాగానే కనిపించే గోడ నాది! వాళ్ళే దానికి "ఒంటరి" అని పేరు పెట్టారు. ఏడాది క్రితం నా ఫొటోలు చూసి నవ్విన మనుషులు, మావయ్యా. రాత్రి నిద్ర పట్టలేదు.

పిన్ని విషయం చాలా రాయాలి, కులపెద్దల దాకా వెళ్ళింది. ఇప్పుడు ప్రింటింగు షాపు మూసేస్తాడు, పరిగెత్తాలి. ఇంకో ఉత్తరంలో వివరంగా రాస్తాను.

నీ అభిప్రాయం వెంటనే రాయి. ఈసారి తిట్టడానికి ఏముందో చూస్తాను.

నీ పద్మ

•

గరివిడి
13 జూలై 2024

పద్మకి,

ఫొటో అందింది. బాగుంది. అలా రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఎప్పుడు జరిగింది? ఎవరు కూర్చోబెట్టారు? కులపెద్దల దాకా వెళ్ళిందని ఒక్క ముక్క రాసి, ప్రింటింగు షాపు మూసేస్తాడని పరిగెత్తావు. నేను ఆ ఫొటో చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడిపోయాను. బోసి నుదురుతో నా చెల్లెలు. దాన్ని అలా చూస్తానని అనుకోలేదు. మెడ కూడా కనబడకుండా కత్తిరించావు, ఎందుకో అర్థమైంది.

నన్ను పిలవలేదు. చెవిటి ముసలాడు, మోకాళ్ళు లేనివాడు, వాడికి కబురెందుకు అనుకున్నారా? లక్ష్ముడి మీద నాకున్న మంచిమాట వెనక్కి తీసుకుంటున్నాను. పుట్టింటి చీర లేకుండా దానికి ఆ పని చేశారంటే దాన్ని అనాథ కింద కట్టారన్నమాట. నేను బతికుండగా!

ఆలస్యమైనా అది ఒంటరిది కాదని వాళ్ళకి తెలియాలి. నిన్ననే చీర కొన్నాను. తెల్లది కొనడానికి మనసొప్పలేదు, గంధం రంగుది తీశాను. మా పక్కింటి హరిబాబు సోమవారం వ్యాను వేసుకుని శ్రీకాకుళం వైపు వస్తున్నాడు. వాడి చేత పేటకి పంపిస్తున్నాను. నలుగురిలో ఇమ్మన్నాను, చాటుగా కాదు.

ఫొటో గురించి రేపెప్పుడైనా రాస్తాను. వెలుగు బాగా పట్టావు.

అప్పలసూరి

•

శ్రీకాకుళం
16 జూలై 2024

మావయ్యా,

ఏమీ జరగలేదు! పిన్ని బొట్టు తియ్యలేదు! ఎవరూ ఆమెని కూర్చోబెట్టలేదు! ఫొటో తీసిన రోజు ఆమె నుదుట బొట్టు ఉంది, ఈ రోజుకీ ఉంది.

నిన్న పొద్దున్న నీ ఉత్తరం అందగానే ఉన్నపళంగా ప్రదర్శన హాలుకి పరిగెత్తాను. నా గోడ ముందు నిలబడి చూశాను. మావయ్యా, అక్కడ బొట్టు లేదు. ఇన్ని రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాను కదా, నాకు ఆ బొట్టు కనిపిస్తూనే ఉంది. పిన్ని ముఖం అంటే బొట్టుతోనే నా మనసులో ఉంది. కాగితం మీద లేదని నాకు తెలియనే లేదు. ఎర్ర ఫిల్టర్ ఎర్రవాటినన్నిటినీ తెల్లగా చేసేస్తుందట, ధర్మేంద్ర ఇప్పుడు చెబుతున్నాడు. పుస్తెలు కత్తిరించేశాను, బొట్టు వెలిగించి మాయం చేశాను. ఒక్కొక్కరు చెప్పిందల్లా పాటించి మా పిన్నిని నేనే విధవని చేసి గోడకి తగిలించాను. కుసుమకుమారిగారు "భర్త లేని బాధ" అన్నప్పుడైనా నోరు విప్పి అడిగి ఉంటే! ఆ నియమం నాశనం కాను.

ఇంకా ఉంది. ఆదివారమే పేట కుర్రాళ్ళెవరో ప్రదర్శనకి వచ్చి ఫొటోని ఫోన్‌లో తీసుకెళ్ళారు. సాయంత్రానికి పేటంతా చూసింది. కింద "ఒంటరి" అని పేరు కూడా పెట్టి ఉంది కదా. "అదే బొట్టు తీసీసుకుని ఫొటో దిగినాది, మనకి మాత్రం ఒప్పుకోదు" అని ఆడవాళ్ళు అన్నారట. సోమవారం పొద్దున్న నీ చీర వచ్చింది. హరిబాబు నువ్వు చెప్పినట్టే నలుగురిలో, లక్ష్ముడి చేతిలోనే పెట్టాడు. "గరివిడి నుంచి అన్నగారు పంపినారు, పుట్టింటి చీర" అన్నాడట.

ఇంకేం కావాలి వాళ్ళకి? ఫొటో ఆమె ఒప్పుకున్నట్టు, చీర నువ్వు ఒప్పుకున్నట్టు. పెద్దలు ఆదివారం కూర్చుంటున్నారు. ఆ రోజే చేసేస్తామంటున్నారు.

నేను నిన్న పేటకి వెళ్ళి, ఫోన్‌లో అసలు రంగు ఫొటో లక్ష్ముడికి చూపించాను. ఇదిగో బొట్టు, నేనే పొరపాటున తీసేశాను అని కాళ్ళావేళ్ళా పడ్డాను. చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "కంప్యూటర్ల తీసీసినోలివి, పెట్టనేవేటి?" అన్నాడు. పిన్ని ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ ఫిల్టర్ నువ్వు చెప్పిందే మావయ్యా. అది చేసే పని పూర్తిగా ఎందుకు చెప్పలేదు? చీర పంపేముందు ఒక్క కార్డు రాయడానికి ఏమైంది? నేను హరిబాబుకి ఎన్నిసార్లో ఫోన్ చేశాను, వ్యాను తోలుతూ ఎత్తలేదు.

నువ్వు ఆదివారం తప్పకుండా రా. పుట్టింటి మనిషివి, నువ్వు వచ్చి చీర పొరపాటున పంపానని చెబితే ఆగుతారు. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

పద్మ

•

గరివిడి
18 జూలై 2024

పద్మకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు నాదే అంటున్నావు, సరే. ఎర్ర ఫిల్టర్ ఎరుపుని తినేస్తుందని నేనెందుకు చెప్పలేదంటే నాకు ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. నేను తీసిన ముఖాలన్నీ మా ఫ్యాక్టరీ మగవాళ్ళవి. వాళ్ళకి బొట్లుండవు. నేను శివాజీ మొటిమలకి చెప్పిన మందు నువ్వు గున్నమ్మకి పట్టిస్తావని కలగన్నానా? అయినా చెప్పాల్సింది. పెద్దవాణ్ణి, నాకు తోచాలి.

ఆదివారం నేను రాను.

ఇది చదివి నన్ను పిరికివాడంటావు. అను. కానీ ఆలోచించు, చీర వెళ్ళాక పుట్టింటి అన్న ఆ రోజు ఆ గుమ్మంలో అడుగు పెడితే దానికి ఒకటే అర్థం. నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్ళు దాన్ని పీట మీద కూర్చోబెడతారు. నేను ఏం అరుస్తున్నానో నాకే వినబడదు, వాళ్ళకేం వినిపిస్తాను? నేను లేకపోతే ఒక కారణమైనా మిగులుతుంది, అన్న రాలేదు, ఆగండి అనడానికి.

లక్ష్ముడికి వేరే కవరులో రాసి దీనితోపాటు పంపుతున్నాను, నీ చేత్తో ఇయ్యి. చీర నా తొందరపాటు వల్ల వచ్చిందని, దానికి నా సమ్మతి లేదని రాశాను. నమ్మడు. ఇచ్చిన చెయ్యే కాదంటే ఎవరు నమ్ముతారు?

నాకు అన్నం సహించడం లేదు. గున్నమ్మకి నేను ఉపకారం చేశాననుకున్నాను.

మావయ్య

•

శ్రీకాకుళం
22 జూలై 2024

మావయ్యకి,

నువ్వు రాలేదు. నువ్వు రాసిన కారణం నాకు అర్థమైంది, కానీ నిన్న పొద్దున్న బస్సులు ఆగినప్పుడల్లా దిగేవాళ్ళలో నీకోసం చూశాను. కోపం ఉంది. దాచుకోను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం సాయంత్రమే తిరుమలరావుగారు తనే నిచ్చెన వేసుకుని ఫొటో దించేశారు. ఆదివారం ఆయనా, ధర్మేంద్రా నాతో పేటకి వచ్చారు. మేం వెళ్ళేసరికి పిన్నివాళ్ళ ఉమ్మడి వాకిట్లో పెద్దలు కూర్చుని ఉన్నారు. పక్కన బాబాయి అక్క రాజకుమారి అత్త, ఇంకా నలుగురు ముసలమ్మలు నీళ్ళ బిందెలతో, పీటతో సిద్ధంగా ఉన్నారు. నీ ఉత్తరం లక్ష్ముడికి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు.

ధర్మేంద్ర పెద్దలకి ఫిల్టర్ గురించి చెప్పబోయాడు. ఎరుపు కాంతి, తరంగాలు అని ఏవో మొదలుపెట్టాడు. కాలేజీ బల్ల ముందు నిలబడ్డాననుకున్నాడు పాపం. ఒక పెద్దాయన, "బాబూ, మా కోడలికి బొట్టున్నాదా నేదా అన్నది నీ సదువుతో తెల్సుకోవాలేటి?" అన్నాడు. ధర్మేంద్ర కూర్చుండిపోయాడు.

లోపలికి వెళ్ళి పిన్నిని తీసుకురమ్మని రాజకుమారి అత్తని పంపారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళిందో లేదో పిన్నే బయటికి వచ్చింది.

నువ్వు పంపిన గంధం రంగు చీర కట్టుకుంది మావయ్యా. తలంటు పోసుకుంది. నుదుట బొట్టు, ఎప్పటికన్నా పెద్దది. వాకిలి మధ్యకి వచ్చి నిలబడింది. నాకు ఏమీ అర్థం కాలేదు, అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఆ చీర కట్టుకోవడమంటే ఒప్పుకున్నట్టే. ఆ బొట్టేమో ఒప్పుకోనట్టు. ముసలమ్మలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మాయన్న సీర పంపినాడు. బాగున్నాది, కట్టుకున్నాను," అంది పిన్ని. "ఏటి? పుట్టింటోలు ఆడకూతురికి సీర పెట్టాలంటే మొగుడు సావాలేటి?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మరి ఫొటోలో..." అని ఎవరో గొణిగారు.

"ఫొటోల నేకపోతే నా నుదుట నేదా? నానిక్కడ నిలబడి ఉంటే కాగితాన్ని అడుగుతన్నారా?"

లక్ష్ముడు అప్పుడు లేచాడు. అరుస్తాడనుకున్నాను. భుజం మీద తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడ్చేశాడు. "అన్నకి ఏటీ సెయ్యకుండా ఒగ్గీసినానని నా లోపల తినీస్తన్నాది వదినా. పిల్ల పెళ్ళెలగ సెయ్యను?" అన్నాడు. నువ్వన్నది నిజం, చెడ్డవాడు కాదు. పిన్ని దగ్గరికి వెళ్ళి తువ్వాలు లాగేసింది. "పందిరి ఎయ్యి. మగపెళ్ళోల్లతో నాను మాట్లాడతాను. ఇంటికి పెద్దకోడల్ని, నానే ఎదురెల్లి కాళ్ళకి నీళ్ళిస్తాను. వద్దంటే నా ముకం మీద అనమను" అంది.

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకుని, బాబాయి వెళ్ళింది కార్తీకంలో కాబట్టి ఏడాది తిరిగేదాకా ఆగుదామన్నారు. పెళ్ళికి అడ్డు లేదన్నారు. పీట లోపలికి వెళ్ళిపోయింది. అంతవరకే నెగ్గాం, కార్తీకంలో మళ్ళీ కూర్చుంటారు.

వచ్చేటప్పుడు తిరుమలరావుగారు బస్సులో ఒక మాట అన్నారు. ఇకమీదట తాడు మీద వేలాడదీసేముందు ఆ ప్రింటు ఎవరి ముఖమో వాళ్ళకి చూపించి తీరాలని. తీసినవాళ్ళు నోరు మూసుకోవాలన్న నియమం కూడా తీసేస్తారట.

కానీ పిన్ని నాతో మాట్లాడలేదు. వాకిట్లో నా పక్కనుంచే వెళ్ళింది, నేను చెయ్యి పట్టుకోబోతే చీర సర్దుకుంటున్నట్టు తప్పించుకుంది. తర్వాత తలుపు కొట్టాను, తియ్యలేదు. కెమెరా పెట్లో పెట్టేశాను. మళ్ళీ ఎవరి ముఖంవైపూ దాన్ని ఎత్తగలనని అనిపించడం లేదు.

నీకు ఏమైనా తెలిస్తే రాయి. నా కోపం సంగతి పట్టించుకోకు, తగ్గిపోతుంది.

పద్మ

•

గరివిడి
2 ఆగస్టు 2024

చిరంజీవి పద్మకి,

నిన్న గున్నమ్మ వచ్చింది. చెప్పాపెట్టకుండా, ఆమదాలవలసలో రైలెక్కి, ఒక్కతే. ఆ గంధం చీరే కట్టుకుంది. గుమ్మంలో నిలబడి ఏదో అంది, నాకు వినబడలేదు. కోపంగా ఉందని మాత్రం ముఖం చూస్తే తెలిసింది. తిట్టడానికే వచ్చిందని, తిట్టించుకుందామని కుర్చీ వేశాను.

నాతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలని నీకు తెలుసుగా. మొదట కొంచెం అరిచింది. నేను "ఆఁ?" అన్నాను. ఇంకొంచెం అరిచింది. నేను మళ్ళీ "ఆఁ?" అన్నాను. అప్పుడు నా భుజం పట్టుకుని, గొంతు చించుకుని అరిచింది.

"ఆయన సచ్చిపోనాడని నాకు తెల్సన్నా! మొదటి నెల్లోనే తెల్సు!"

అది నాకు వినబడింది. వీధికంతటికీ వినబడింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. దానికి వాళ్ళెవరూ పట్టలేదు. పేటలో గోడలకి కూడా చెవులున్నాయి, అక్కడ ఇన్ని నెలలుగా లోపలే నొక్కి పెట్టుకుంది. గరివిడిలో దాని మొగుడెవరో ఎవరికి తెలుసు? అందుకే అరవగలిగింది. ఇంకా అరిచింది: "తెల్సు గానీ సెప్పను. తియ్యాల్సిన రోజు నానే సెప్తాను. లక్ష్ముడు సెప్పకూడదు, పెద్దోలు సెప్పకూడదు, నీ సీర సెప్పకూడదు, మీ ఫొటోలు సెప్పకూడదు. ఆయన్ని సముద్రం అడక్కుండా తీసుకుపోనాది. ఇదొక్కటీ నాకొగ్గియ్యండి!"

తర్వాత నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాని తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అది తెలియక ఎదురుచూస్తోందని మనం జాలిపడ్డాం పద్మా. దాని ధైర్యం మనకి అందలేదు.

నీ గురించి నేను అడగలేదు, అదే చెప్పింది. గొంతు పోయింది కాబట్టి నెమ్మదిగా, పెదాలు చూసి పట్టుకున్నాను. ఆ ఫొటో పేట కుర్రాడి ఫోన్‌లో చూసిందట. "బాగున్నాదన్నా. అందుకే బయమేసినాది," అంది. "ఆ రోజొస్తే నాను అలగే ఉంటాను గదా. ఆ పద్మ గుంట నాకు ముందే సూపించీసినాది. దాని ముకం సూస్తే అదే గేపకమొస్తాది, అందుకే సూడ్నేదు. కోపం నేదని సెప్పు. సుహాసిని పెళ్ళికి కెమెరా తెమ్మను."

కాబట్టి పెట్లోంచి తియ్యి. రంగుల్లోనే తియ్యి.

సాయంత్రం స్టేషనుకి కుంటుకుంటూ నేనూ వెళ్ళాను. బయట గాజుల బండి ఉంటే ఆగింది. పెళ్ళికి బోసి చేతుల్తో వెళ్తానా అని ఎర్ర మట్టిగాజులు తీయించింది. ఆ బండివాడితో బేరం ఆడింది చూడు, వాడు దండం పెట్టాడు. తొడిగించుకుని రెండు చేతులూ నా ముందు చాపి చూపించింది. దాని చేతులు చాలా చిక్కిపోయాయి. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, మిగిలిన గొంతుతో అరిచింది.

"సీర తొందరపడి పంపీసినావు గదా అన్నా. వీటికీ డబ్బులు నువ్వే ఇయ్యి!"

ఇచ్చాను. రైలొచ్చింది, ఎక్కింది.

మీ మావయ్య
అప్పలసూరి